పసుపు గోడకు అవతలి గది

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికన్నా వేగంగా ఉన్నది నా ఫోను, అందరికన్నా నెమ్మదిగా ఉన్నది నేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టైర్డు, ఇప్పుడు రిటైర్డు. అంటే మళ్ళీ మొదటి నుంచీ టైర్డు అని అర్థం. ముప్పయ్యేళ్ళకు పైగా ఆర్మూరు చుట్టుపక్కల బడుల్లో భౌతికశాస్త్రం చెప్పాను. నల్లబోర్డు మీద నేను గీసిన అలల్ని వరుసగా పెడితే ఒక చిన్న సముద్రం అయ్యేది. అయినా నా సొంత ఇంట్లో ఒక తరంగం ముందుగది నుంచి లోపలి గదికి ఎందుకు చేరడం లేదో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అదీ నేను కనిపెట్టింది కాదు. నా దగ్గర పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడొకడు వచ్చి చెబితే తెలిసింది.

మా అమ్మాయి తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. హైదరాబాదులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఉద్యోగం. మంచం దిగవద్దని డాక్టరమ్మ ముందే చెప్పడంతో, ఇచ్చిన కాస్త సెలవులో సగం కాన్పుకు ముందే కరిగిపోయింది. మిగిలిన సగం పాప ముఖం సరిగా గుర్తుపట్టేలోపు అయిపోయింది. ఐదో నెల దాకా ఇక్కడే ఉండి ఇంటి నుంచి పనిచేసుకుంటానని బతిమాలితే, వాళ్ళ పై అధికారి సరేనంది. హైదరాబాదులో అల్లుడిది రోజుకో షిఫ్టు. అక్కడి రెండు గదుల ఇంట్లో మూడు నెలల పిల్లను ఎత్తుకునే మనిషి లేదు. అందుకే ఇక్కడ మా ఇంట్లో నెట్టు నడవడం మీద ఆ పిల్ల తల్లి దగ్గర ఉండడం ఆధారపడి ఉంది. ఇంత పెద్ద భారాన్ని నాలుగు పచ్చ దీపాలున్న అంత చిన్న డబ్బా మీద పెట్టామని అప్పుడు మాకు తోచలేదు.

ఇక ఆ గోడ సంగతి. మా అన్న నందిపేట్ వైపు ఊళ్ళో వ్యవసాయం చేస్తాడు. ఏటా పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, సంచుల్లోకి ఎత్తాక, పసుపు కొనే మార్కెట్ యార్డుకు దగ్గరని మా ఇంట్లో దించుతాడు. ధర లేచేదాకా ఆ సంచులు మా అతిథులు. వాటికి అన్నం పెట్టక్కర్లేదు కాని, ఒకసారి కూర్చున్నాయంటే లేవవు. ఎప్పుడూ నడిమింట్లో గోడకు ఆనించి పేర్చేవాళ్ళు. ఈసారి మాత్రం నా భార్య దర్వాజ దగ్గర నిలబడి హమాలీలకు అడ్డం తిరిగింది.

"బావా, గోడకు ఆనిచ్చుడు వద్దు. నడుమ అడ్డంగ పెట్టియ్యుండ్రి, గోడ లెక్క. లోపల బాలింత ఉన్నది. గీ సీజన్ల ముందటింట్లకు వచ్చెటోళ్ళు, పోయెటోళ్ళు మస్తు మంది. పసుపు అడ్డముంటే గాలి తగల్దు, దిష్టి తగల్దు, పురుగు రాదు."

అన్న సంతోషించాడు. తన పంట ఒకరికి కోటగోడ అవుతుందని ఎన్నడూ అనుకొని ఉండడు. రెండు వరుసలుగా, నా తల కన్నా జానెడు ఎత్తున, నడిమిల్లు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సంచులు లేచాయి. పక్కన మనిషి అడ్డంగా దూరేంత సందు మాత్రం వదిలారు. నా భార్య, కూతురు అందులోంచి సులువుగా వెళ్ళేవారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి, పొట్టను లోపలికి లాక్కుని, దేవుణ్ణి తలచుకొని దూరేవాణ్ణి. భౌతికశాస్త్రం సారుగా ఆ కట్టడాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, "ఇంజనీరువే నువ్వు" అని నా భార్యను మెచ్చుకున్నది కూడా నేనే. ఆ మాట ఆ తర్వాత చాలాసార్లు నాకే గుర్తుచేశారు.

బుధవారం మధ్యాహ్నం అమ్మాయి లోపలి గది నుంచి పిలిచింది. నేను సందులోంచి దూరి వెళ్ళేసరికి పాపకు పాలిస్తూ, ఎదురుగా లాప్‌టాప్‌లో తిరుగుతున్న సున్నాను చూస్తోంది.

"బాపూ, నీ ఫోన్ల స్పీడెంతొస్తుంది?"

"ముందటింట్ల కూసుంటె నలభై చూపిస్తుంది. ఏమైంది బిడ్డా?"

"నాకు మూడు. మళ్ళ మీటింగుల నా బొమ్మ నోరు తెరిచి ఆగిపోయిందట. మా మేడం మెసేజ్ పెట్టింది. సోమవారం పదకొండు గంటలకు పెద్దోళ్ళందరు చూస్తరట, గంటసేపు నేనే చెప్పాలె, వీడియో పెట్టాలె. అది గూడ ఆగిపోతే ఇగ ఇంట్ల కెల్లి వద్దన్నది. వచ్చేవారం నుంచి ఆఫీసుకు రమ్మన్నది."

"మరి పాప?"

ఆమె పాప తల మీది టోపీ సర్దింది.

ఒకే తీగ ఇంట్లోకి వస్తుంది. ఒకే డబ్బా. నా ఫోనుకు నలభై, ఆమెకు మూడు. ఇదెక్కడి న్యాయమని నేను ఆలోచించాను. నాకు తెలిసిన పంపకం నీళ్ళది. కాలువ మొదట్లో ఉన్నవాడు మడి నిండా పెట్టుకుంటే చివరి పొలానికి తడి అందదు. అంటే ముందుగదిలో మేమంతా తాగేస్తున్నాం కాబట్టి లోపలి గదికి చేరడం లేదు. పాఠం చెప్పినంత ధీమాగా ఈ సిద్ధాంతం ఇంట్లో వివరించి, గురువారం నుంచి వారబందీ, అంటే వంతులు, మొదలుపెట్టాను.

మొదట నా ఫోనులో వైఫై ఆపేశాను. తర్వాత నా భార్య టీవీలో నెట్టు ద్వారా చూసే సీరియల్‌ను ఆపించాను. కథలో కోడలికి స్పృహ తప్పిన రోజే ఆపించానట, ఆ నేరం ఇంకా నా మీద ఉంది. అసలు కష్టం బయటివాళ్ళతో వచ్చింది. సీజన్‌లో యార్డుకు వచ్చిన మా ఊరివాళ్ళు ఎండకు మా ముందుగదిలో కాసేపు కూర్చుంటారు. నీళ్ళు తాగుతారు, చాయ్ తాగుతారు, మెల్లగా మా వైఫై తాగుతారు. నేను పాస్‌వర్డ్ మార్చేశాను.

"ఏం సారూ, నీళ్ళడిగితే ఇస్తవు, పాస్‌వర్డ్ అడిగితే ఇయ్యవా?" అన్నాడు వరసకు మామ అయ్యే ఒక పెద్దాయన.

"బిడ్డ ఉద్యోగం మామా, ఆమెకు అందుతలేదు."

"మేం జర వాట్సాపు చూసుకుంటె మీ బిడ్డ నౌకరి పోతదా! మనసు గింత సన్నగైందేంది?"

పొట్ట సన్నగైతే మంచిదే కదా, సందులోంచి సులువుగా దూరేవాణ్ణి అనుకున్నాను. పైకి అనలేదు. ఇంతమందిని ఎండబెట్టి, పరువు పోగొట్టుకొని, సాయంత్రం లోపలికి వెళ్ళి అడిగాను.

"ఇప్పుడెంతొస్తుంది?"

"నాలుగు."

శుక్రవారం నెట్టు కంపెనీకి ఫోన్ చేసి పెద్ద ప్లాను పెట్టించాను. గంట తర్వాత నా ఫోనులో వైఫై మళ్ళీ పెట్టి చూస్తే అరవైకి ఎగిరింది. లోపల మళ్ళీ మూడే. ఇంట్లో నెట్టు ఉన్నా లేకపోయినా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన మనిషిని, ఆ రోజు నిజంగా నీరసపడిపోయాను. పాత సామాను పెట్టె తీసి, నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు వాడిన ఫోను బయటికి తీశాను. డబ్బా కింద నిలబడి దాంతో చూస్తే పన్నెండే వచ్చింది. అదే చోట కొత్త ఫోనుతో అరవై. ఇక నాకేమీ అర్థం కాలేదు. దగ్గరున్నా కొందరికి తక్కువే అందుతుంది, దూరమున్నవాళ్ళకు ఎట్లాగూ అందదు. ఇది శాస్త్రమా, సంసారమా అని తేల్చుకోలేక కుర్చీలో కూలబడ్డాను.

శనివారం పొద్దున నెట్టు మనిషి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, గడ్డంలో తెల్లవెంట్రుకలు, భుజాన సంచీ. లోపలికి అడుగుపెడుతూనే ఆగి, "సలామ్ సార్! నన్ను గుర్తువట్టలేదా?" అన్నాడు. "పెర్కిట్ స్కూల్ల ఆఖరి బెంచి. అలల పాఠంల మీరు నన్ను లేపి, తరంగదైర్ఘ్యం అంటే ఏందిరా అంటే, ఎరువుల బస్తా పొడుగు అన్న. మూడు దెబ్బలు పడ్డయి."

గుర్తుకు రాలేదు. అట్లా చాలామందిని లేపాను, చాలామంది అట్లాగే అన్నారు. అయినా "ఆ ఆ, నువ్వేనా!" అన్నాను. సారు జీవితంలో సగం ఈ అబద్ధమే.

అతను గూట్లో డబ్బా కోసం చూశాడు. అక్కడ బోర్లించిన స్టీలు గంజు తప్ప ఏమీ కనిపించలేదు.

"అమ్మా, రూటర్ ఏది?"

"గా గంజు కిందున్నది," అంది నా భార్య వంటింట్లోంచి. "పసుపు దుబ్బ వడ్తుందని మూత పెట్టిన. లేకుంటె అంత పచ్చగ అయితది. చార్జరు అట్లనే ఖరాబయింది."

అతను గంజు ఎత్తి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, ఇది అన్నం గాదు, దమ్ము మీద పెట్టనీకి."

సీజన్‌లో మా వీధిలో పసుపు దుమ్ము పడని వస్తువు లేదు. ఎవరింట్లోనైనా టీవీ మీద తువ్వాల, మిక్సీ మీద సంచీ, దేవుడి పటాల మీద కూడా ఒక పలుచటి పొర. కాబట్టి గంజు పెట్టిన మనిషిని నేను తప్పుపట్టలేదు. గంజు కింద ఉన్నదాని నుంచి తరంగాలు ఎట్లా వస్తాయని ఒక్కసారి కూడా అనుకోని మనిషిని మాత్రం తప్పుపట్టాను. ఆ మనిషి అద్దంలో కనిపిస్తాడు. రోజూ ఆ గంజు కిందే కూర్చుని పేపరు చదివేవాణ్ణి.

గంజు తీయగానే నా ఫోను తొంభై చూపించింది. నేను విజయగర్వంతో లోపలికి కేకేశాను.

"బిడ్డా, ఇప్పుడు చూడు!"

"ఐదు బాపూ!"

అప్పుడు నెట్టు మనిషి తన ఫోను చేత్తో పట్టుకొని ముందుగది నుంచి నడక మొదలుపెట్టాడు. నేను వెనకాలే. ఒకప్పుడు నేను దిక్సూచి పట్టుకొని ముందు నడిస్తే పిల్లలు వెనక నడిచేవాళ్ళు. అతను అడుగడుగుకూ అంకె చదువుతున్నాడు. తొంభై, ఎనభై ఐదు, ఎనభై. పసుపు గోడ ముందు డెబ్బై. సందులోంచి దూరి అవతల నిలబడ్డాడు.

"తొమ్మిది," అన్నాడు. "లోపలి అర్రల మూడు, నాలుగు. అయిపోయింది సార్, దొంగ దొరికిండు." సంచీ మీద అరచేత్తో తట్టాడు. "రెండు వరసలు పెట్టిండ్రు. గింత గట్టిగ నింపిన పసుపు. దీని తర్వాత మళ్ళ గా అర్ర గోడ, రాతిగోడ. ఎట్ల పోతది పాపం?"

"మరి ఒక్కటే డబ్బా నుంచి ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఎందుకొస్తుంది?"

"మీరే చెప్పిండ్రు గద సార్, పొడుగు అల ఏదన్న అడ్డమొస్తే దాని పక్కకెల్లి పోతది, పొట్టి అల పోదని." నేను చెప్పింది నిజమే. "ఈ డబ్బా రెండు తీర్ల అలలు ఇడుస్తది. ఒకటి జోరు మస్తు, గని గోడ దాటదు. ఇంకోటి దూరం పోతది, గని మెల్లగ పోతది, మీ పక్కిండ్లోళ్ళ డబ్బాలు గూడ గదే దారిల ఉంటయి. కొత్త ఫోను ముందల కూసుంటె జోరుది దొరుకుతది. మీ పాత ఫోనుకు జోరుది పట్టుకునుడే రాదు, డబ్బా మీద కూసోబెట్టినా గంతే. పాప తల్లికేమో జోరుది అందదు, మెల్లగది కొంచెం కొంచెం అందుతది. డబ్బాదేం తప్పు లేదు, లాప్‌టాప్‌ది తప్పు లేదు. కూసున్న జాగది తప్పు."

ఇరవై అయిదేళ్ళ తర్వాత ఆఖరి బెంచి వచ్చి బోర్డు ముందు నిలబడి పాఠం అప్పజెప్పింది. మార్కులు వేయడానికి నా దగ్గర పెన్ను లేదు.

"మరి తీగ లాగి ఇస్తే?"

"గా ఆఫీసు లాప్‌టాప్ చూసిన, పల్చగ అట్ట లెక్క ఉన్నది. తీగ పెట్టెతందుకు రంధ్రమే లేదు. ఈ డబ్బానే జరుపుదమంటె బయటి తీగ అంత దూరం అందదు, లోపల ఇంకో డబ్బా పెట్టాలె. ఆర్డర్ పెడ్త, మంగళారం వస్తది."

"సోమవారం పదకొండింటికే పని."

"అయితే సంచులన్న తీయాలె, పిల్లనన్న ముందటికి తేవాలె సార్. ఫికర్ చెయ్యకుండ్రి," అని నా ముఖం చూసి, "జర తక్కువ చెయ్యుండ్రి," అని సవరించి వెళ్ళిపోయాడు.

అమ్మాయి ముందుగదిలో కూర్చోవడం అన్న మాట నోట్లోంచి వచ్చీ రాకముందే నా భార్య తోసేసింది. బాలింత, ముందుగదిలో, ఫ్యాను గాలికి, వచ్చేపోయేవాళ్ళ కళ్ళ ముందు! సంచులు తీయించు అంది. నేను అన్నకు ఫోన్ చేశాను.

"తమ్మీ, ఇప్పుడు తీస్తే ఎక్కడ పెట్టాలె? ఇంకో వారం చూస్త, ధర లేస్తుందంటున్నరు. అయినా రేపు ఐతారం, యార్డు బందు. హమాలీలు ఊళ్ళకు పోతరు. సీజన్ల నీకు పిల్లనిచ్చెటోళ్ళన్న దొరుకుతరేమొ గని హమాలీ దొరకడు."

"నాకు పిల్లనెవరిస్తరన్నా, మనవరాలున్నది."

"గందుకే చెప్పిన, హమాలీ అసలే దొరకడని."

ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నారు అనుకొని, నేను ఒక్కణ్ణే గోడ దగ్గరికి వెళ్ళాను. పై సంచి ఒక్కటి దింపితే ఎంతో కొంత దారి ఏర్పడుతుందని ఆశ. స్టూలెక్కి రెండు చేతులతో చెవులు పట్టి లాగాను. సంచి కదల్లేదు. నడుము మాత్రం కదిలింది, కదలకూడని వైపు. ద్రవ్యరాశి, బలం, త్వరణం, ఇవన్నీ కలిపి ఒక సూత్రం ఉంది, నాకది నోటికి వచ్చు. ఆ సూత్రంలో బలం అనే చోట నేను ఉన్నాను. స్టూలు మీదే కాసేపు అట్లాగే వంగి నిలబడ్డాను. దిగడానికి ధైర్యం చాలలేదు.

అక్కడి నుంచి, సంచుల పై అంచు మీదుగా, లోపలి గది తలుపు కనిపిస్తుంది. అమ్మాయి పడుకోలేదు. మంచం మీద పాప బట్టల్ని వరుసగా మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. జబ్లాలు ఒకవైపు, పక్కబట్టలు ఒకవైపు. నా భార్య చేతిలో చాయ్ గ్లాసుతో గడప దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"ఏంది గది?"

"ఏం లేదమ్మా. ఎట్లయినా రేపటి తర్వాత పోవుడే గద. ఒక్కసారే సదురుకునుడు కష్టమని ఇప్పుడు సదురుతున్న."

"పాపను ఎవలు చూస్తరక్కడ?"

"ఎవలనో పెట్టుకోవాలె. లేకుంటె..." అని ఆగింది. "లేకుంటె పాప మీ దగ్గర ఉంటది. నేను శనివారం శనివారం వస్త."

నా భార్య గ్లాసు కిటికీలో పెట్టి, పెట్టెలోంచి జబ్లాలు తీసి, మళ్ళీ మంచం మీద పరిచింది. ఒక్కొక్కటిగా, తొందరలేకుండా. తర్వాత గోడ వైపు తిరగకుండానే అంది:

"ఓ సారూ, స్టూలు దిగుండ్రి ఇగ. రేపు పొద్దున పిల్ల ముందటింట్ల కూసుంటది. పాప ఇక్కణ్ణే ఉంటది. మీరే ఎత్తుకుంటరు."

"నడుము..."

"కూసోని ఎత్తుకుంటరు."

సోమవారం పొద్దున్నుంచే షరతులు. ఫ్యాను వేయరాదు. తలుపు దగ్గరగా వేయాలి. చెవులకు రుమాలు కట్టుకోవాలి.

"అమ్మా, వీడియోల కనబడ్తది!"

"కనబడనీ. బాలింతవని తెలుస్తది."

"వాళ్ళకు బాలింత అంటే తెల్వదే!"

చాలాసేపు బేరం నడిచి చెవుల్లో దూది పెట్టుకోవడం దగ్గర ఆగింది.

"దూది పెట్టి మీద హెడ్‌ఫోన్ పెడితే ఇనబడుడెట్ల?"

"సౌండు పెంచుకో."

పదకొండుకు పది నిమిషాల ముందు పాపకు పాలిచ్చి, నిద్రపుచ్చి, అమ్మాయి ముందుగదిలో డబ్బా కింద కూర్చుంది. స్పీడు తొంభై. నా భార్య బయట అరుగు మీద కుర్చీ వేసుకొని కాపలా కూర్చుంది. యార్డుకు వెళ్ళే బంధువుల్లో ఎవరైనా ఆ గంటలో లోపలికి రావాలంటే ఆమెను దాటి రావాలి. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళు బయటికే అందాయి. నేను ఊపిరి బిగబట్టి, సందులోంచి దూరి, లోపలి గది తలుపు మూసుకొని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

పదకొండున్నరకు పాప లేచింది. లేవగానే ఏడవలేదు. మొదట నన్ను చూసింది. నా ముఖం చూశాక ఏడ్చింది.

ఎత్తుకున్నాను, ఊపాను. గిలక్కాయ ఆడించాను. దానికి కావలసింది అవేవీ కావు, కావలసింది గోడకు అవతల కెమెరా ముందు కూర్చుని ఉంది. ఏడుపు పెరుగుతోంది. నా భార్యకు ఫోన్ చేద్దామంటే ఆ రాతిగోడల మధ్య ఫోను సిగ్నలూ ఉండదు. వాట్సాపులో "ఏడుస్తున్నది" అని పంపాను. తలుపు మూసి ఉంటే ఆ మూడూ నాలుగూ కూడా అందడం లేదేమో, ఆ మాట పక్కన చిన్న గడియారం గుర్తు వచ్చి అట్లాగే నిలబడింది. ఐదు రోజులు నా బిడ్డ ఏం చూసిందో నాకప్పుడు కనిపించింది. నేనంతసేపూ ముందుగదిలో తొంభైతో, అరవైతో కూర్చుని లెక్కలు చెప్పాను.

తలుపు తీసి పిలుద్దామా అనుకున్నాను. తీస్తే ఏడుపు ముందుగది దాకా పోతుంది. అమ్మాయి చెవుల్లో దూది ఉన్నా ఆ ఏడుపు వింటుంది. విన్నాక కూర్చోలేదు. కూర్చోకపోతే ఆ పెట్టె మళ్ళీ సర్దాలి. తీయలేదు. పాపను భుజాన వేసుకొని గోడ నుంచి గోడకు నడుస్తూ ఏం చెయ్యాలో తెలియక, నాకు వచ్చింది ఒక్కటే కాబట్టి, పాఠం మొదలుపెట్టాను.

"తరంగం అనగానేమి? ఒక చోట నుంచి ఇంకో చోటికి శక్తి పోతది గని, పదార్థం పోదు. చెరువుల రాయి వేస్తే అలలు ఒడ్డుకు వస్తయి, నీళ్ళు రావు. అర్థమైందా? పొడుగు అల ఏదన్న అడ్డమొస్తే పక్కకెల్లి పోతది. పొట్టిది పోదు. ఇది మీ నెట్టు మామ చెప్పిండు..."

గొంతు ఒకే తీరుగా, ఎత్తు పల్లాలు లేకుండా సాగింది. ఆ గొంతుకు ముప్పయ్యేళ్ళ అనుభవం ఉంది. పరావర్తనం దగ్గర ఏడుపు తగ్గింది. వక్రీభవనం మధ్యలో పాప తల నా భుజం మీద బరువెక్కింది. నా క్లాసులో నిద్రపోని పిల్లలు తక్కువ. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, మొదటిసారి పనికొచ్చింది. అయినా పాఠం ఆపలేదు. ఆపితే లేస్తుందని భయం. నడుము విరిగిపోతోంది. చొక్కా భుజం దగ్గర తడిగా ఉంది.

పన్నెండూ పది నిమిషాలకు తలుపు తోసుకొని అమ్మాయి వచ్చింది. చెవుల్లో దూది అట్లాగే ఉంది. చున్నీ గుండెల మీదికి గట్టిగా అదుముకొని ఉంది. నా చేతుల్లోంచి పాపను లాక్కున్నంత పని చేసి, మంచం మీద కూర్చుని, అటు తిరిగి పాలు పట్టింది. కాసేపటి తర్వాత అంది:

"ఏడ్చిందా?"

"నీకు ఇనబడలేదా?"

"ఏం ఇనబడలే. నిద్రపోయిందేమొ అనుకున్న."

అరగంట ఏడ్చిందని చెప్పలేదు. తలుపులోంచి నడిమింటి వైపు చూశాను. ఏ గోడ ఐదు రోజులు నా బిడ్డ మాటను బయటికి పోనీయలేదో, ఆ గోడే ఈ రోజు దాని బిడ్డ ఏడుపును ముందుగదికి పోనీయలేదు. సంచులకు ఏమీ తెలియదు. పెట్టిన చోట ఉన్నాయి.

"మేడం ఏమన్నది?"

"ఒక్కసారి గూడ ఆగలే బాపూ. ఇట్లనే నడుస్తే ఐదో నెల దాక ఉండమన్నది." చెవుల్లోంచి దూది తీసి పక్కన పెట్టింది. "నా వెనక గూట్ల గంజు కనబడ్డదట. ఏందది అని అడిగిండ్రు."

"ఏం చెప్పినవ్?"

"యాంటెనా అని చెప్పిన."

మంగళవారం నెట్టు మనిషి రెండో డబ్బా తెచ్చాడు. లోపలి గదిలో పెడతానంటే అమ్మాయి అడ్డుపడింది. "వద్దు. ఆ అర్రకు నెట్టొస్తే అమ్మ నన్ను మళ్ళ అండ్లనే కూసోపెడ్తది." నా భార్య వినలేదన్నట్టు వంటింట్లో గిన్నెలు సర్దుకుంది. డబ్బా అట్టపెట్టెలోనే ఉండిపోయింది, పసుపు సంచుల మీద.

వారం తర్వాత అన్న వచ్చాడు. ముఖం వెలుగుతోంది. వీధిలో బండి, అరుగు మీద నలుగురు హమాలీలు. ధర లేచింది, ఇక ఎత్తేద్దాం అన్నాడు. గుమ్మం లోపలి నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"బావా, కోపం చెయ్యకుండ్రి. వెనక వరస తీసుకపోండ్రి. ముందటి వరస జర ఐదో నెల దాక ఉండనీయుండ్రి."

అన్న నా వైపు చూశాడు. ధర పడిపోతే ఎవరిది బాధ్యత అని ఆ చూపు అడిగింది. నేను గోడ గడియారం వైపు చూశాను. పదకొండు కావస్తోంది, మీటింగు వేళ. ముందుగదిలో అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుంటోంది. నేను పొట్టను లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, సందులోంచి లోపలికి దూరాను. ఆ రోజు పాఠం కటకాలు.